కనపడని అతుకు, మూతపడని నోరు

లోకంలో కొన్ని పనులున్నాయి. బాగా చేస్తే అసలు చేసినట్టే తెలియకూడదు. చిరిగిన కోటుకు రఫూ చేసేవాడి పని అలాంటిది. గోడలో పగులు పూడ్చేవాడిది, పుచ్చిన పన్ను నింపేవాడిది, పెద్దమనిషి చదివే ప్రసంగాన్ని తెరవెనక కూర్చుని రాసిపెట్టేవాడిది కూడా అదే బాపతు. ఇలాంటి పనుల్లోకి దిగేవాడికి చేతిలో నేర్పు ఎంత ఉండాలో నోటికి తాళం అంత ఉండాలి. కానీ ఎవరు ఏ పనిలో పడాలో నిర్ణయించేవాడెవడో గానీ వాడికి ఎకసెక్కం పాలు ఎక్కువ. నలుగురిలోకి రావాలంటే చెమటలు పట్టే సిగ్గరిని తీసుకెళ్ళి కొట్లో గల్లా ముందు నిలబెడతాడు. ముక్కు మీద కోపం ఉన్నవాడిని పసిపిల్లల బళ్ళో కూర్చోబెడతాడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషిని పట్టుకొచ్చి, ఎవరి కంటా పడకుండా అతుకులు వేసే పనిలో పెడతాడు.

ఆ మూడోవాడే జిగురాయన.

ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు. పొద్దస్తమానం జిగురు కాచే మనిషి కాబట్టి పెట్టారని ఆయన నమ్మకం. ఒకసారి పట్టుకుంటే వదలడు కాబట్టి పెట్టారని వీధి నమ్మకం. ఆయన భార్యనడిగితే రెండూ నిజమేనంటుంది.

ఆయన తీగల వాద్యాలు బాగుచేస్తాడు. ముఖ్యంగా గిటార్లు. ఇంటి ముందుగదే పనిగది. కిటికీ కింద బల్ల, బల్ల నిండా ఉలి గాట్లు. గోడలకి మెడలు లేని గిటార్లు, గిటార్లు లేని మెడలు వేలాడుతుంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ గదిలోకి అడుగుపెట్టగానే ఒక్క క్షణం తమ మెడ తడుముకుంటారు. ఒక మూల సైకిల్ ట్యూబులను పొడుగ్గా కోసిన రబ్బరు పట్టీల గుత్తి, ఇంకో మూల బెండు అంటించిన చెక్క దిమ్మలు. జిగురు గిన్నె మాత్రం వంటింట్లో పొయ్యి మీద ఉంటుంది. పశువుల తోలూ ఎముకలూ కాచి తీసే పాతకాలపు జిగురు అది. పలుకులుగా దొరుకుతుంది. నీళ్ళలో నానబెట్టి, వేడినీళ్ళ గిన్నెలో చిన్న గిన్నె పెట్టి, మరగకుండా, చల్లారకుండా కాచాలి. ఆ వాసన గురించి ఎక్కువ చెప్పకుండా ఉంటేనే మర్యాద. "మా ఇంట్లో రెండు పొయ్యిలు. ఒకటి మాది, ఒకటి ఆయన గిటార్లది" అంటుంది భార్య.

పనితనంలో వంక పెట్టడానికి లేదు. రెండు ముక్కలై వచ్చిన మెడను ఒక్క ముక్కగా పంపుతాడు. చిక్కల్లా పంపేటప్పుడే. వాద్యం తీసుకుపోవడానికి వచ్చినవాడికి ఆయన దాన్ని ఇవ్వడు. కిటికీ దగ్గర కుర్చీ వేసి కూర్చోబెడతాడు. చేతికి భూతద్దం ఇస్తాడు.

"ఎక్కడ విరిగిందో పట్టుకోండి చూద్దాం."

వచ్చినవాడు వెతకాలి. వెతికి, దొరక్క, నా వల్ల కాదు బాబూ అని ఒప్పుకోవాలి. అప్పటిదాకా విడుదల లేదు. తెలివైనవాళ్ళు కూర్చోకముందే ఒప్పేసుకుంటారు. దాంతో ఆయనకు ఒళ్ళు మండుతుంది. "చూడకుండానే ఓడిపోతే ఎలాగండీ? సరిగ్గా చూడండి. వెలుతురు కావాలా?" అంటాడు. కచేరీ టైము ముంచుకొస్తోందని బతిమాలిన వాళ్ళున్నారు. బయట బండి ఆపి వచ్చామని మొత్తుకున్నవాళ్ళున్నారు. ఎవరినీ వదల్లేదు. ఒకాయన చాలాసేపు వెతికి, ఏదో ఒకటి చూపిస్తే పీడ వదులుతుందనుకుని, "ఇదిగో ఇక్కడ" అని చేతికొచ్చిన చోట వేలు పెట్టాడు. జిగురాయన పగలబడి నవ్విన నవ్వు వీధి చివరి దాకా వినపడింది.

"దాచింది దొరికితే ఎవరికైనా సంతోషం. ఈయనకి దొరక్కపోతే సంతోషం" అని భార్య అందరితోనూ అనేది.

ఆ భార్యకు ఒక అన్న ఉన్నాడు. జిగురాయనకు బావ. ఈ బావను వెనకాల అందరూ షోకేసు బావ అంటారు. నేల మీద పరిచే టైల్స్ అమ్మే పెద్ద షోరూము ఆయనది. సంపాదించిందంతా ఇంటికి తెచ్చి అద్దాల బీరువాల్లో పెట్టాడు. పాడని రేడియోలు, ఫొటోలు తియ్యని కెమెరాలు, ఒక్క అక్షరం రాసి ఎరగని కలాలు, ఒక్కొక్కటీ ఒక్కో టైము చూపిస్తూ ఆగిపోయిన గడియారాలు. ఆ ఇంట్లో పనిచేసే వస్తువంటూ ఏదైనా ఉంటే అది అద్దాలు తుడిచే గుడ్డ. ఇలా పాతవి పోగేసేవాళ్ళను చాలాచోట్ల చూస్తాం. ముసలి వస్తువుల్ని ప్రాణంగా చూసుకునే ఈ మనుషులకు ముసలి మనుషులు ఎదురైతే మాత్రం పనిమీద ఉన్నామని గుర్తుకొస్తుంది.

ఆ బీరువాలన్నిటి మధ్యా, ప్రత్యేకంగా దీపం పెట్టిన బీరువాలో, ఒక ఎలక్ట్రిక్ గిటారు ఉండేది. చిక్కటి తేనె రంగు. తల మీద తయారుచేసినవాళ్ళ పేరు బంగారు అక్షరాల్లో. అలాంటివి లోకంలో కొద్దిగానే మిగిలాయని, వాటిలోనూ దెబ్బ తగలనివి మరీ అరుదని ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. వాయించండి అంటే మాత్రం, "పాత తీగలండీ, ముట్టుకోకూడదు" అనేవాడు. నిజానికి ఆయనకు దాన్ని ఎటువైపు పట్టుకోవాలో తెలియదు.

దాన్ని కొనడానికి ఒక పళ్ళ డాక్టరమ్మ ముందుకొచ్చింది. ఫొటోలు పంపమంది. గిటారు ఫొటో మాత్రమే పంపితే సరిపోయేది. షోకేసు బావకు దాన్ని మెళ్ళో వేసుకుని తను కూడా ఫొటోలో పడాలనిపించింది. పట్టీ తగిలించుకున్నాడు. పెళ్ళాం చేతికి ఫోనిచ్చాడు. ఒక కాలు ముందుకు పెట్టాడు. కుర్రకారు గాయకుల్లా ఒక చెయ్యి గాల్లోకి లేపాడు. పట్టీకున్న కన్నం ఎప్పుడో వదులైపోయింది. గిటారు జారి తలకిందులుగా నేల మీద పడింది. నేల ఆయన షోరూము టైలే. ఎంత బరువు పడినా చెక్కు చెదరదని కొనేవాళ్ళకు రోజూ చెప్పే రకం. అది చెక్కు చెదరలేదు. ఆయన సరుకు గురించి ఆయన చెప్పే మాటల్లో కనీసం ఒకటి నిజమని అలా రుజువైంది.

మర్నాడు పొద్దున్నే గిటారును దుప్పట్లో చుట్టుకుని చెల్లెలి ఇంటికి వచ్చాడు. పనిగది తలుపు తనే వేశాడు. కిటికీ రెక్క కూడా వేశాడు.

"ఏంటి బావా, ఎవర్నైనా చంపి తెచ్చావా?" అన్నాడు జిగురాయన.

"నవ్వకు బావా. నా ప్రాణం పోతోంది" అంటూ దుప్పటి విప్పాడు.

తల వెనక, తీగలు ఎక్కే ఎముక ముక్కకు కొంచెం కింద, మెడ ఏటవాలుగా చీలిపోయింది. తల ముందుకు వాలిపోయి, పైపూత పొర ఒక్కటే పట్టుకుని వేలాడుతోంది. ఈ రకం గిటార్లకు బలహీనమైన చోటు అదే. కింద పడితే విరిగేదీ అక్కడే.

జిగురాయన చీలిక మీదకు వంగి ఊపిరి కూడా తీసుకోకుండా చూశాడు. చెక్క పిండి పిండి కాలేదు. ఒక్క చెక్కముక్కా ఎగిరిపోలేదు. పుస్తకంలో కాగితం చిరిగినట్టు, ఒక పక్క ఏ పోచ లేచిందో రెండో పక్క దానికి సరిపోయే గాడి అలాగే ఉంది. వైద్యులు కొందరు మంచి రోగాన్ని చూసి మురిసిపోతారే, అలా మురిసిపోయాడు.

"ఎంత బాగా విరిగింది బావా!" అన్నాడు.

"ఛీ, నోర్ముయ్యి! ఆ మాటకే వస్తున్నా. నువ్వు నోరు మూసుకోవాలి. మెడ విరిగిందని తెలిస్తే దీని విలువ మట్టిలో కలిసిపోతుంది. డాక్టరమ్మకి విరగలేదనే చెప్పాను. ఆవిడ పరీక్ష చేయించడానికి ఎవర్నో తీసుకొస్తుందట. వాడికి దొరక్కూడదు. నువ్వెవరికీ చెప్పకూడదు."

తలుపు అవతల నుంచి చెల్లెలి నవ్వు వినపడింది. "అన్నయ్యా, మొదటిది ఆయన చేస్తారు. రెండోది దేవుడు కూడా చేయించలేడు."

"ఒట్టెయ్యి బావా."

"దేని మీద?"

"నీకు దేని మీద గురి ఉంటే దాని మీద."

జిగురాయన జిగురు గిన్నె మీద ఒట్టేశాడు.

అవతల కొనే మనిషిని మోసం చేస్తున్నామన్న సంగతి ఆయనకు తట్టలేదా అంటే, తట్టింది. కాసేపు గుమ్మంలో నిలబడింది కూడా. కానీ అంత అందమైన విరుగు ఆయన బల్ల మీదికి మళ్ళీ రాదు. నిజాయితీని రేపు రమ్మని పంపేసి పనిలోకి దిగాడు.

ఆ పనికి రెండు జతల చేతులు కావాలి. ఎప్పుడూ రెండో జత భార్యదే. వేడి నీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో ఆమె దిమ్మలు వెచ్చబెట్టింది. ఆయన మెడ లోపలుండే ఇనుప కడ్డీకి మైనం రాశాడు, జిగురు దాన్ని పట్టుకోకుండా. తర్వాత చీలికను వెంట్రుక మందం తెరిచి, పలచటి రేకుతో జిగురును లోపలి మూల దాకా నెట్టాడు. ఈ జిగురుకు ఆగే ఓపిక లేదు. చల్లారిందా, పట్టు పోయింది. అందుకే భూమ్మీద జిగురాయన నోరు మూయించగలిగిన వస్తువు అదొక్కటే. అయినా ఆయన, "చూశావా, ఈ పోచ దాని గాడిలోకి ఎలా..." అని మొదలుపెట్టాడు.

"చల్లారిపోతోంది. పట్టండి" అంది భార్య.

రబ్బరు పట్టీలను ఆమె సాగదీసి అందిస్తుంటే ఆయన పసిబిడ్డకు పొత్తిళ్ళు చుట్టినట్టు మెడ చుట్టూ బిగించుకుంటూ వచ్చాడు. చీలిక పొడుగునా జిగురు సన్నగా చెమర్చింది. దాన్ని ఆమె తడిగుడ్డతో తుడిచేసింది. తర్వాత ఆరనిచ్చారు.

అసలు పనితనం ఆ తర్వాత. అతుకు మీద పూత ఎక్కడో గోరంత లేచిపోయింది. కొత్త పూత వేస్తే కంటికి కలిసిపోతుంది గానీ, పరీక్ష చేసేవాళ్ళ దగ్గర ఒక ఊదారంగు దీపం ఉంటుంది. దాని కింద కొత్త పూత ఒకలా, పాత పూత ఒకలా మెరిసి దొంగను పట్టిచ్చేస్తాయి. జిగురాయన గోడ మీద ఎన్నేళ్ళుగానో వేలాడుతున్న ఒక చచ్చిన గిటారును దించాడు. అదీ ఆ కాలంలో పుట్టిందే, ఆ జాతి పూతే. దాని వీపు గీకి, ఆ పొడిని థిన్నర్లో కరిగించి, మూడు వెంట్రుకల కుంచెతో అద్దాడు. నూనె వేసి సన్నటి కాగితంతో రుద్దాడు. చివరికి అరచేత్తో రుద్దాడు. రుద్దీ రుద్దీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు.

ఏమీ లేదు. అక్కడ ఏమీ జరగలేదు.

భార్యను పిలిచి భూతద్దం అందించాడు. "పట్టుకో చూద్దాం."

"పొయ్యి మీద పాలున్నాయి" అని ఆమె వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఆయనకు తిండి ఒంటబట్టలేదు. ఇన్నేళ్ళూ ముక్కూ మొహం తెలియని వాళ్ళ ముందు చిల్లర అతుకులకే విజయోత్సవాలు జరుపుకున్న మనిషి, జీవితంలో అన్నిటికన్నా గొప్ప పని చేసి, కిమ్మనకుండా కూర్చోవాలి. క్షౌరశాలలో కత్తెర కింద కూర్చుని, "ఎవరో ఒకాయన ఉన్నాడటండీ, ఎక్కడో దూరదేశంలో" అని మొదలుపెట్టి అంతా చెప్పేశాడు. మంగలి చెవి దగ్గర దువ్వుతూ, "దూరదేశంలో అంత మంచి పనివాళ్ళుంటారండీ. మన దగ్గర ఎక్కడ?" అన్నాడు. ఇంటికొచ్చి ఆ పూట అన్నం మానేశాడు.

పరీక్ష రోజు రానే వచ్చింది. జిగురాయనను ఆ దరిదాపులకు రానివ్వకూడదనే షోకేసు బావ అనుకున్నాడు. కానీ పరీక్షకుడు, కొత్త తీగలు ఎక్కించి శ్రుతి చేసి ఉంచమని కబురు పెట్టాడు. బిగువు మీద మెడ ఎలా నిలబడుతుందో చూడాలట. తీగలు బిగించడం ఆ ఇంట్లో ఎవరికీ రాదు. గత్యంతరం లేక జిగురాయననే పిలిచాడు. కాపలాకి చెల్లెల్ని కూడా రమ్మన్నాడు.

"చెల్లీ, మీ ఆయన నోరు తెరిస్తే నువ్వు మూయించాలి."

"ఇన్నేళ్ళుగా అదే ఉద్యోగం చేస్తున్నా. పింఛనే రావట్లేదు" అంది ఆమె.

హాల్లో అద్దాల బీరువాల మధ్య సోఫాలు. డాక్టరమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పొట్టి జుట్టు, నెమ్మదైన మాట. ఎదుటివాళ్ళు నవ్వినప్పుడల్లా పళ్ళ వంక చూసే అలవాటు. పక్కన పరీక్షకుడు. మెడలో ఒక భూతద్దం, జేబులో ఒకటి, పెట్టెలో ఇంకొకటి. ఈయన పాత వాద్యాల గురించి ఉపన్యాసాలు ఇస్తాడు. ఒకసారి ఒక మాట అన్నాక దాన్ని వెనక్కి తీసుకున్నట్టు ఎవరూ వినలేదు.

జిగురాయన తీగలు బిగించాడు. శ్రుతి చేశాడు. మెడ నిక్షేపంగా నిలబడింది.

"బాగా పలుకుతోందే" అంది డాక్టరమ్మ. "మీరు వాయిస్తారా?"

"నేనా? అసలు నేను..." అని ఆయన అందుకోబోయాడు.

"ఈయనకేం వచ్చండీ, మరలు తిప్పడం తప్ప" అంది భార్య.

"గిటార్ల పని చేస్తారా?"

"ఆ ఏదో..." అనబోయాడు.

"ఏదోనేనండీ. కుర్చీ కాళ్ళు అతుకుతుంటారు. మొన్న మా పీటకి అతికారు. కూర్చోగానే ఊడింది" అంది భార్య.

షోకేసు బావ తృప్తిగా తలాడించాడు. జిగురాయన బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. ముఖం మాత్రం ఉడుకుతున్న గిన్నె మీది మూతలా అదురుతోంది.

పరీక్షకుడు తెరలు వేయించాడు. ఊదా దీపం వెలిగించాడు. గిటారు వీపు మీద నుంచి మెడ మీదికి, మెడ మీద నుంచి తల మీదికి దీపాన్ని నడిపించాడు. అతుకు దగ్గర దీపం ఆగింది. షోకేసు బావ సోఫా అంచుకి జరిగాడు. దీపం కదిలిపోయింది. భూతద్దం వచ్చింది. చాలాసేపు చూశాడు. తట్టి చూశాడు. గోరుతో రాసి చూశాడు. అప్పుడు తెరలు తీయించి గొంతు సవరించుకున్నాడు.

"ఈ మెడ మీద ఇప్పటివరకు ఎవరి చెయ్యీ పడలేదు."

షోకేసు బావ ముఖం దీపం పెట్టిన బీరువాలా వెలిగింది. అక్కడితో ఆగితే కథ అక్కడే ఆగేది. కానీ నిపుణులకు ఒక్క మాటతో ఆగే అలవాటు ఉండదు.

"ఈ రకానికి మెడలు విరుగుతాయి. విరిగితే నేను గుమ్మంలోంచే పట్టేస్తాను. దొరక్కుండా అతికే మొనగాడు ఎవడన్నా ఉన్నాడా అంటే, ఈ చుట్టుపక్కల లేడు. నేనన్నీ చూశాను. అంతా గోడకి సున్నం కొట్టే బాపతు."

"ఉన్నాడు" అన్నాడు జిగురాయన.

"ఏవండీ" అంది భార్య.

"ఉన్నాడండీ. చెయ్యి పడింది. నాదే ఆ చెయ్యి. ఈ మెడ విరిగింది. ఇదిగో, ఈ బావే పడేశాడు. నేనే అతికాను!"

నిజం బయటికి వచ్చింది. ఏ దారిన వచ్చిందో చూస్తే మాత్రం మెచ్చుకోబుద్ధి కాదు. నిజాయితీ అప్పటికి ఊళ్ళోనే లేదు. గొప్పలు చెప్పుకునే దురద దాని కోటు తొడుక్కుని వచ్చి సాక్ష్యం చెప్పి వెళ్ళింది. లోకంలో బయటపడే నిజాల్లో సగం ఇలా బయటపడేవే.

షోకేసు బావ నవ్వాడు. టైలు పగిలిందని వచ్చిన వాళ్ళ ముందు నవ్వే నవ్వు అది.

"మా బావ అంతేనండీ. తాజ్‌మహల్ చూపించినా పునాది నేనే తవ్వానంటాడు. పట్టించుకోకండి."

పరీక్షకుడు నవ్వలేదు. ఆయన మాట అప్పటికే నోట్లోంచి వచ్చేసింది. భూతద్దం మెడలోంచి తీసి జిగురాయన చేతిలో పెట్టాడు.

"చూపించండి. అతుకు ఎక్కడుంది?"

జిగురాయన గిటారును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి భూతద్దానికి ఇటు పక్కన కూర్చున్నాడు. తల వెనక చూశాడు. మెడను తిప్పి చూశాడు. కళ్ళు మూసుకుంటే ఆ చీలిక ప్రతి పోచతో సహా కనపడేది. కళ్ళు తెరిస్తే లేదు. చొక్కా కొసతో అద్దం తుడిచి మళ్ళీ చూశాడు.

"ఇదిగో" అన్నాడు.

"అది చెక్క పోచ" అన్నాడు పరీక్షకుడు.

"అది కాదు. ఇది."

"అది మీ వెంట్రుక."

షోకేసు బావ ఈసారి నిజంగానే నవ్వాడు. జిగురాయన తల పైకెత్తలేదు. "ఈ ప్రాంతంలోనే ఉంది" అని గొణిగాడు.

"ఈ రకం ఎక్కడ విరుగుతుందో చిన్నపిల్లాడు కూడా చెబుతాడండీ. నాకు ప్రాంతం వద్దు. గీత కావాలి. ఎక్కడ మొదలైంది? ఎటు వెళ్ళింది? ఎక్కడ ఆగింది?"

"వెలుతురు సరిగ్గా లేదు" అన్నాడు జిగురాయన.

డాక్టరమ్మ కూడా నవ్వలేదు. ఆమె నెమ్మదిగా అంది: "నేను నింపిన పన్ను ఏదో నాకే తెలియక, పక్క పన్ను మీద తట్టిన రోజులున్నాయి. నవ్వకండి." తర్వాత జిగురాయన భార్య వైపు తిరిగింది. "అమ్మా, మీరు చెప్పండి. ఇది విరిగిందా?"

అందరూ ఆమె వంక చూశారు. అన్నయ్య చూపు ఆమె మీద ఉడుం పట్టు పట్టింది. ఆ చూపులో పుట్టిల్లు ఉంది, రేపటి నుంచి మూసుకుపోయే తలుపుంది. ఇటు పక్క మొగుడి ముఖం ఉంది. ఆ ముఖాన్ని ఆమె ఎన్నోసార్లు చూసింది గానీ, ఆయన మీద కాదు. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, భూతద్దం పట్టుకుని, తప్పించుకునే దారి లేక, నా వల్ల కాదని ఒప్పుకోబోయేవాళ్ళ మీద.

ఆమె లేచింది. మొగుడి చేతుల్లోంచి గిటారు తీసుకుంది. దాని వంక సరిగ్గా చూడను కూడా చూడకుండా, తల వెనక చూపుడు వేలి గోరు ఆనించింది.

"ఇక్కడ మొదలైంది. ఇలా ఏటవాలుగా దిగింది. ఇదిగో, ఇక్కడ ఆగింది. జిగురు తుడిచిన గుడ్డ నాదేనండీ. విరిగింది."

"చెల్లీ!" అని అరిచాడు షోకేసు బావ.

పరీక్షకుడు ఆ గోరు వెళ్ళిన దారంతా అద్దం పెట్టి వెతికాడు. "అక్కడేం లేదమ్మా."

"లేదనే కదండీ ఈయన గొడవంతా" అంది ఆమె.

డాక్టరమ్మ లేచి నిలబడింది. షోకేసు బావతో అంది: "మీ చెల్లెలు వచ్చిన దగ్గర్నుంచీ ఆయన్ని ఒక్క మంచి మాట అనలేదు. అబద్ధమే ఆడాలనుకుంటే ఆయన తరఫున ఎందుకాడతారు? మీ తరఫున ఆడేవారు." సంచీ భుజానికి తగిలించుకుంది. "విరిగిందని ముందే చెబితే కొనేదాన్నేమో. వాయించుకోవడానికే కదా. ఇప్పుడు ఇది చూసినప్పుడల్లా మీరు గుర్తుకొస్తారు. వద్దు."

పరీక్షకుడు దీపం పెట్టెలో సర్దుకున్నాడు. "నా పరీక్ష ప్రకారం అది విరగలేదు" అన్నాడు. మెట్లు దిగుతూ కూడా అన్నాడు. వీధిలో కారు తలుపు వేసుకుంటూ మళ్ళీ అన్నాడు.

హాల్లో మిగిలిన ముగ్గురిలో ఎక్కువ మాట్లాడింది షోకేసు బావే. ఆ మాటలన్నీ ఇక్కడ రాయనవసరం లేదు. సారాంశం ఏమిటంటే, ఆ గుమ్మం మళ్ళీ తొక్కవద్దు అని. చెల్లెలు చెప్పులు వేసుకుంటూ, "అన్నయ్యా, దాన్ని బీరువాలో పెట్టేటప్పుడు జాగ్రత్త. పట్టీ వదులు" అంది.

ఇద్దరూ బస్టాపుకి నడిచారు. ఆమె ముందు, ఆయన వెనక. పోయిన పుట్టిల్లు ఆమె నడకలో తెలుస్తోంది. అది చూసి జిగురాయన ఏదైనా ఓదార్పు మాట అంటాడని మామూలు మనుషులు అనుకుంటారు. ఆయన మనసు వేరే చోట ఉంది. బస్టాపులో బల్ల మీద కూర్చున్నాక ఇక ఆగలేకపోయాడు.

"ఒక మాట. నువ్వెలా పట్టావు?"

"దేన్ని?"

"గీతని. నాకే కనపడలేదు. ఆ పరీక్ష చేసేవాడికి కనపడలేదు. నీకెలా కనపడింది?"

"నాకేం కనపడలేదు."

"మరి గీశావుగా?"

"గోరు ఎటు పోతే అటు గీశాను. మీరలా దిక్కులు చూస్తుంటే ఏం చెయ్యమంటారు? ఎక్కడో ఒకచోట గీయాలి కదా."

దానికి సిగ్గుపడాలో పొంగిపోవాలో జిగురాయనకు తేలలేదు. దగ్గరుండి గుడ్డ పట్టుకున్న మనిషికి కూడా దొరకలేదు. అంటే ఇంతకు మించిన పని ఇక ఎవడూ చేయలేడు. అంటే చేసినట్టు ఎప్పటికీ ఎవడికీ చూపించలేడు. రెండూ ఒకదాన్నొకటి తరుముకుంటూ ఆయన బుర్రలో తిరిగాయి. చివరికి పొంగే గెలిచింది.

"కాదు" అన్నాడు. "ఊరికే గీసినా, నువ్వు గీసిందే సరైన చోటు."

"మీకెలా తెలుసు?" అంది ఆమె.

ఆయన నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. ఆమె ఆ నిశ్శబ్దాన్ని కాసేపు హాయిగా అనుభవించి, వస్తున్న బస్సుకు చెయ్యెత్తింది.